నేవా నది నుంచి చాండిల్ దాకా: డీజిల్ పడవను సోలార్ పడవగా మార్చడం వెనుక చరిత్ర

జంషెడ్‌పూర్‌లో చలికాలం వచ్చిందంటే పిక్నిక్‌కి రెండే పేర్లు వినిపిస్తాయి: డిమ్నా, చాండిల్. పోయిన జనవరిలో మా ఇంటివాళ్లతో చాండిల్ వెళ్లాను. జలాశయంలో మోటారు పడవ ఎక్కాం. ఇంజిన్ మోతకి పక్కనున్న అమ్మ మాట కూడా వినపడలేదు. ఒడ్డుకి చేరాక పడవ నడిపే పెద్దాయన నన్ను, చదువుకుంటున్నవాణ్ని కదా అని, ఒక ప్రశ్న అడిగాడు: "ఊళ్లో టోటోలు బ్యాటరీతో తిరుగుతున్నాయి కదా బాబూ, ఈ ఇంజిన్ పీకేసి దీన్నీ అలా నడపలేమా? పైన ఎండ ఊరికే పోతోంది."

ఈ-రిక్షాని మా దగ్గర టోటో అంటారు. ఆ ప్రశ్నకి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే అది జీఎస్-1 ప్రపంచ చరిత్ర నుంచి జీఎస్-3 ఇంధన రంగం దాకా తీసుకెళ్లింది. ఆ నోట్సే ఈ వ్యాసం.

ముందు ఊరి సంగతి. 1907లో టిస్కో ఏర్పడింది, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె వచ్చింది, 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఇవి ప్రిలిమ్స్ చదివేవాళ్లందరికీ తెలిసినవే. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్-నాగపూర్ రైలెక్కి ఈ కర్మాగారం పనికే వచ్చారు. బిష్టుపూర్ రామాలయం దగ్గర ఇప్పటికీ తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. రెండు నదులు, సువర్ణరేఖ, ఖర్కాయి, కలిసేచోట ఊరు కట్టడానికి కారణం కర్మాగారానికి నీళ్లు కావాలనే గాని పడవలు తిరుగుతాయని కాదు. రాళ్లు, ఇసుక మేటలు, వేసవిలో పిల్లకాలువంత ప్రవాహం. 2016 జాతీయ జలమార్గాల చట్టం ప్రకటించిన 111 మార్గాల్లో ఈ రెండు నదులూ ఉన్నాయి. అయితే చట్టంలో చేరినంత మాత్రాన నదిలో లోతు పెరగదు. మ్యాప్ ప్రశ్నలకి ఆ జాబితా చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

అందుకే ఇక్కడ పడవ అంటే నది పడవ కాదు, జలాశయం పడవ. చాండిల్ ఆనకట్ట సువర్ణరేఖ బహుళార్థసాధక పథకంలో భాగం. 1978లో బీహార్, పశ్చిమ బెంగాల్, ఒడిశా దీనిపై ఒప్పందం చేసుకున్నాయి, తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. వందకు పైగా గ్రామాలు ముంపు ప్రాంతంలోకి వెళ్లాయి. నిర్వాసితుల సమస్య మీద మెయిన్స్‌లో రాసేటప్పుడు అందరం నర్మదా దగ్గరే ఆగిపోతాం, చాండిల్ పేరు రాసేవాళ్లు తక్కువ. భూమి పోయినవాళ్లే తర్వాత సహకార సంఘంగా ఏర్పడి అదే నీళ్లలో పంజరాలు కట్టి చేపలు పెంచుతున్నారు, పర్యాటకులను పడవల్లో తిప్పుతున్నారు. కాబట్టి నన్ను ప్రశ్న అడిగిన మనిషికి ఆయిల్ ఖర్చు అంటే పర్యావరణ చర్చ కాదు, ఇంటి బియ్యం లెక్క.

ఇక చరిత్రకి వద్దాం. బ్యాటరీ పడవ డీజిల్ పడవ కన్నా పాతది. రుడాల్ఫ్ డీజిల్ ఇంకా పుట్టకముందే, 1838లో, మోరిట్జ్ హెర్మన్ జాకోబి అనే శాస్త్రవేత్త సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నేవా నది మీద విద్యుత్ మోటారుతో పడవ నడిపాడు. డబ్బు ఇచ్చింది జార్ చక్రవర్తి మొదటి నికోలస్. పదిమందికి పైగా ఎక్కారు, పడవ కదిలింది, మనిషి నడక కన్నా నెమ్మదిగా. ప్రయోగం అక్కడితో ఆగడానికి మోటారు కారణం కాదు. ఆ రోజుల్లో బ్యాటరీ అంటే జింకు కరిగిపోతూ కరెంటు ఇచ్చే పాత్రలు. బొగ్గు కాల్చడం కన్నా జింకు "కాల్చడం" ఎన్నో రెట్లు ఖరీదు. తిరిగి ఛార్జ్ అయ్యే సీసం బ్యాటరీ 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేసేదాకా ఈ కథ ముందుకు కదల్లేదు.

కదిలించినవాడు గుస్తావ్ ట్రూవే. పేరు నోట్స్‌లో రాసుకోండి, మళ్లీ వస్తుంది. 1881లో ఇతను పారిస్‌లో సీన్ నది మీద చేసింది మన పెద్దాయన అడిగిన పనే. కొత్త పడవ కట్టలేదు. మామూలు పడవకి చుక్కానితో పాటు విద్యుత్ మోటారునీ చక్రాన్నీ తగిలించాడు. కావాలంటే విప్పి చేత్తో పట్టుకెళ్లొచ్చు. ఇప్పుడు చేపల పడవల వెనుక కనిపించే ఔట్‌బోర్డ్ మోటారుకి మూలం అదే. అంటే ఉన్న పడవను మార్చడం అన్న ఆలోచన వయసు దాదాపు 145 ఏళ్లు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు విద్యుత్ పడవలకు మంచికాలం. లండన్ థేమ్స్ మీద అద్దె పడవలు నడిపినవాళ్లు నది పొడవునా ఛార్జింగ్ కేంద్రాలు పెట్టారు, కొన్ని నీళ్లమీద తేలేవి కూడా. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో యాభైకి పైగా విద్యుత్ లాంచీలు అక్కడి కృత్రిమ కాలువల్లో జనాన్ని తిప్పాయి. వివేకానందుడి ప్రసంగంతో మనం గుర్తుపెట్టుకునే అదే సంవత్సరం, అదే ఊరు.

మరి ఎందుకు పోయాయి? చాలా పుస్తకాలు పెట్రోలు ఇంజిన్ వచ్చింది కాబట్టి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నాకు ఆ జవాబు సగమే అనిపిస్తుంది. ఈ పడవలు బతికిన చోట్లు చూడండి: పార్కు కాలువ, లాకులతో నిదానంగా పారే థేమ్స్. నిలకడ నీళ్లు, తెలిసిన దూరం, సాయంత్రానికి తిరిగి అదే రేవు. ఎదురు ప్రవాహం, దూరప్రయాణం, రేవు లేని ఒడ్డు ఉన్న ప్రతిచోటా పెట్రోలు గెలిచింది. ఒక లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో ముప్పావు వంతు వేడిగా పారేసినా రెండు, రెండున్నర యూనిట్లు చక్రానికి చేరతాయి. అంత శక్తి దాచాలంటే సీసం బ్యాటరీ 70, 80 కిలోలు తూగుతుంది.

ఛార్జింగ్ రేవుతో పని తగ్గించింది సౌర ఫలకం. 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కి చెందిన చాపిన్, ఫుల్లర్, పియర్సన్ సుమారు 6 శాతం సామర్థ్యంతో సిలికాన్ ఘటం చూపించారు. 1975లో ఇంగ్లాండ్‌లో అలన్ ఫ్రీమన్ ఫలకాలను చిన్న పడవ మీద పెట్టి నడిపాడు. 2010 సెప్టెంబర్‌లో మొనాకో నుంచి బయల్దేరిన ట్యూరనార్ ప్లానెట్‌సోలార్ అనే నౌక ఎండతోనే భూమిని చుట్టి 2012 మేలో తిరిగొచ్చింది. కరెంట్ అఫైర్స్‌కి అది పనికొస్తుంది, చాండిల్‌కి పనికొచ్చేది మాత్రం కేరళ.

2017 జనవరి 12న వైకోమ్ - తవణక్కడవు మధ్య "ఆదిత్య" ఫెర్రీ మొదలైంది. 1924-25 సత్యాగ్రహం జరిగిన ఆ వైకోమే. 75 మంది ప్రయాణికులు, 20 మీటర్ల పొడవు, కప్పు మీద 20 కిలోవాట్ల ఫలకాలు, 50 యూనిట్ల లిథియం బ్యాటరీ. కట్టింది నవాల్ట్ సంస్థ, నడిపేది రాష్ట్ర జల రవాణా శాఖ. 2020లో దీనికి విద్యుత్ పడవల విభాగంలో అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం పేరు గుస్తావ్ ట్రూవే. ఆదిత్యలో నాకు ముఖ్యంగా కనిపించింది ఫలకాలు కాదు, పడవ ఆకారం. జంట పొట్టలతో, తేలికగా, నీళ్లను తక్కువ కోసేలా ముందే అలా కట్టారు. పాత డీజిల్ పడవ మీద అవే ఫలకాలు పరిస్తే అదే ఫలితం రాదు.

ఇందుకు ఎదురు ఉదాహరణ వారణాసి. 2016 మే 1న అస్సీ ఘాట్‌లో ప్రధాని 11 ఈ-బోట్లను ప్రారంభించారు. కానీ తర్వాతి ఏళ్లలో అక్కడి డీజిల్ పడవలు వందల సంఖ్యలో మారింది బ్యాటరీకి కాదు, సీఎన్‌జీకి. గంగ ప్రవాహానికి ఎదురు, తెల్లవారుజాము నుంచి హారతి దాకా విరామం లేని తిరుగుడు. అలాంటి చోట నిమిషాల్లో నిండే ట్యాంకే నావికుడికి నచ్చుతుందని నా అంచనా. థేమ్స్ పాఠం గంగ మీద మళ్లీ కనిపించింది.

ఇప్పుడు పెద్దాయన పడవ లెక్క. ఆరేడు మీటర్ల పడవ, పదిమంది. గంటకు 8 కిలోమీటర్ల వేగానికి సుమారు 2 కిలోవాట్లు చాలు. 10కి పెంచితే దాదాపు రెట్టింపు కావాలి, ఎందుకంటే కావాల్సిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. కప్పు మీద 400 వాట్ల ఫలకాలు నాలుగు పడతాయి. ఎండ బాగున్న రోజు ఆరు యూనిట్లు అటూ ఇటూ వస్తాయి. అంటే మూడు గంటల షికారు, రెండున్నర లీటర్ల డీజిల్‌కి సమానం. 10 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 100 కిలోల లోపే ఉంటుంది. టోటోల్లో వాడే సీసం బ్యాటరీలతో అదే శక్తి కావాలంటే మూడు రెట్లకు పైగా బరువు. టోటో పోలిక ఇక్కడే తప్పుతుంది: రోడ్డు మీద బరువు బ్రేకుల సమస్య, నీళ్లమీద అది ప్రాణాల సమస్య.

దీని గురించి ఇంకొంచెం చెప్పాలి. నాలుగు ఫలకాలు, వాటి ఇనుప చట్రం కలిపితే ఇద్దరు మనుషులు కప్పెక్కి కూర్చున్నట్టే. పైబరువు పెరిగితే పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు తిరిగి నిలబడే గుణం తగ్గుతుంది. బ్యాటరీని అడుగున, మధ్యలో బిగిస్తే ఆ నష్టం కొంత తీరుతుంది. కానీ ఎంత తీరిందో ఒరిగించి కొలవాలి, కంటికి తెలియదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ మునిగి యాభై మంది వరకు పోయారు. ఆ రోజు వరద ఉంది, సుడి ఉంది. దానికీ సోలార్‌కీ సంబంధం లేదు. అయినా పర్యాటక పడవ గురించి రాసే తెలుగువాడెవడూ ఆ పేరు దాటి వెళ్లలేడు. పాపికొండల లాంచీలకు సోలార్ అన్న మాట వినిపించినప్పుడల్లా నేను ముందు అడిగేది కరెంటు గురించి కాదు. వరద గోదావరికి ఎదురెక్కేందుకు ఆ మోటారులో దమ్ముందా, ఆ కప్పు ఎంత బరువు మోస్తుంది అనే.

చట్టం ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చింది. 1917 నాటి వలస చట్టం స్థానంలో వచ్చిన అంతర్గత నౌకల చట్టం, 2021 ఇంజిన్‌తో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. నడిపే శక్తిని బట్టి కొన్నిటిని ప్రత్యేక తరగతిగా గుర్తించే వీలు కూడా పెట్టింది. 2024 జనవరిలో కేంద్రం "హరిత నౌక" మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇవన్నీ జీఎస్-3లో రాయడానికి బాగుంటాయి. కానీ బ్యాటరీ ధర మొదటి రోజే కట్టాలి, డీజిల్ రోజుకింత కొనుక్కోవచ్చు. రోజు కూలి మీద బతికే సంఘానికి అప్పు ఎవరిస్తారన్నది ఇంజినీరింగ్ ప్రశ్న కాదు. ముంపు పరిహారం కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఇంకో దరఖాస్తు అంటే ఎలా చూస్తారో ఊహించుకోండి.

నీళ్ల సంగతి మాత్రం చాండిల్‌కి అనుకూలమే. వానాకాలం వదిలేస్తే నిలకడ జలాశయం, చిన్న చుట్టు, ప్రతిసారీ అదే రేవు. 1890ల థేమ్స్ లాంటిదే.

పోయిన నెల మళ్లీ వెళ్లి ఈ లెక్క పెద్దాయనకు చెప్పాను. మూడు గంటలు అనగానే నవ్వాడు. మామూలు రోజు రెండు గంటలు తిరిగితే గొప్ప అట. "జనవరి ఒకటో తారీకు సంగతేంటి? ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి చీకటి పడేదాకా దిగం" అన్నాడు. ఆ రోజుకి రేవులో ప్లగ్ పాయింట్ కావాలన్నాను. ఆయన ఒడ్డున ఉన్న టీ కొట్టు వైపు చూసి, అక్కడి నుంచి తీగ లాగితే ఎన్ని మీటర్లు పడుతుందో అడుగులేసి కొలవడం మొదలుపెట్టాడు.