ఆరుబయట పొగ: చట్టం ఆగిన చోటు

1999 జులైలో కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానాన్ని నిషేధించింది. 2001 నవంబరు 2న మురళీ దేవరా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగం 21వ అధికరణాన్ని ఆశ్రయించింది: పొగతాగనివాని ప్రాణహక్కును మరొకరి అలవాటు హరించరాదు.

అయితే 2003 నాటి కేంద్ర చట్టం ‘బహిరంగ ప్రదేశం’ నిర్వచనం నుంచి ఆరుబయలును మినహాయించింది. 2008 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన నిబంధనలు బస్టాపులను, స్టేడియంలను, రైల్వేస్టేషన్లను చేర్చాయి, వీధిని వదిలేశాయి. అందుచేత ఈ చట్టం ప్రకారం భిలాయి ఉక్కునగరంలోని సెక్టర్ 2లో బస్టాపులో బీడీ వెలిగించిన కార్మికునికి 200 రూపాయల వరకు జరిమానా. నాలుగడుగులు జరిగి రోడ్డుపక్కన నిలిస్తే నేరమే లేదు.

స్వేచ్ఛావాదులకు ఇది ఊరట. కాని పక్కవాని ఊపిరికి ఆ నాలుగడుగుల గీత తెలియదు. ఒంటరిగా నిలిచినవానిని వదిలేద్దాం. పసిబిడ్డ పక్కన వెలిగించినవానిని వీధిలోనైనా ఆపుదాం. న్యాయస్థానం చెప్పిన ప్రాణహక్కుకు అర్థం అదే.