సికిల్ సెల్ నిర్ధారణలో విద్యుదావేశమే కొలమానం

బిలాస్‌పూర్: ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్ పరిసరాలు దేశంలో సికిల్ సెల్ ప్రభావిత ప్రాంతాలలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ గ్రామాలలోనూ ఈ వంశపారంపర్య రక్తవ్యాధి ఉంది. దీని నిర్ధారణకు చేసే ప్రధాన పరీక్ష, నిజానికి, హిమోగ్లోబిన్ అణువుపై గల విద్యుదావేశాన్ని పోల్చి చూడటమే.

ద్రావణంలో ప్రోటీన్ ఆవేశం స్థిరంగా ఉండదు. పీహెచ్ పెరిగేకొద్దీ అణువు ప్రోటాన్లను కోల్పోయి రుణావేశం వైపు మళ్లుతుంది. ధన, రుణ ఆవేశాలు సరిసమానమయ్యే పీహెచ్‌ను సమవిద్యుత్ బిందువు అంటారు. ఆ స్థితిలో విద్యుత్ క్షేత్రంలో ఉంచినా అణువు కదలదు. ఈ కదలికను కొలిచే పరికరాన్ని మెరుగుపరచిన స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నె టిసేలియస్‌కు 1948లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది.

మరుసటి ఏడాది లైనస్ పౌలింగ్, హార్వే ఇటానో, సింగర్, వెల్స్ ఇదే పద్ధతిలో సికిల్ సెల్ హిమోగ్లోబిన్‌ను పరీక్షించారు. దాని సమవిద్యుత్ బిందువు సాధారణ హిమోగ్లోబిన్ కంటే సుమారు 0.2 పీహెచ్ ఎక్కువగా తేలింది. అణువుకు రెండు నుంచి నాలుగు ధనావేశాలు అదనమని వారు లెక్కగట్టారు. ఒక వ్యాధికి మూలం అణువులోనే ఉందని రుజువు కావడం అదే తొలిసారి. 1957లో వెర్నన్ ఇంగ్రామ్ అసలు కారణం చూపారు. రుణావేశం గల గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో ఆవేశం లేని వాలీన్ చేరింది. బీటా గొలుసులు రెండు కనుక అణువుకు తేడా రెండు ఆవేశాలే. అణుభారం 64 వేలకు పైగా ఉన్న ప్రోటీన్‌లో అది అతి స్వల్పం.

ప్రయోగశాలలో హిమోగ్లోబిన్‌ను సెల్యులోజ్ అసిటేట్ పట్టీపైనో, అగరోజ్ జెల్‌పైనో ఉంచి, పీహెచ్ 8.6 వద్ద విద్యుత్ ప్రసరింపజేస్తారు. సాధారణ ‘ఏ’ రకం ధన ధ్రువం వైపు ముందుగా సాగుతుంది, ‘ఎస్’ రకం వెనుకబడుతుంది. రెండు చారలూ కనిపిస్తే ఆ వ్యక్తి వాహకుడు. ‘ఏ’ లేకుండా ‘ఎస్’ ప్రధానంగా ఉంటే రోగి అయ్యే అవకాశం ఎక్కువ. చౌకగా జరిగే ద్రావణీయత పరీక్ష ఈ భేదాన్ని చెప్పలేదు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం కాబట్టి ఈ భేదం కీలకం.

అయితే ఆవేశం ఒకటైనంత మాత్రాన అణువు ఒకటే కాదు. ‘డి పంజాబ్’ రకం కూడా ‘ఎస్’ ఉన్న చోటికే చేరుతుంది. ఆమ్ల మాధ్యమంలో సిట్రేట్ అగర్‌పై మరోసారి పరీక్షిస్తే రెండూ విడిపోతాయి. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలో దాత హిమోగ్లోబిన్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోని షహడోల్‌లో 2023 జులై 1న ప్రధాని ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. శిశువుల రక్తంలో గర్భస్థ దశ నాటి ‘ఎఫ్’ రకమే అధికం కనుక, నవజాత దశలో అనుమానం కలిగినవారికి కొన్ని నెలల తర్వాత పరీక్షను తిరిగి చేయాలి.