మిత్రలాభము

ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును మిగుల్పరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ నీతికి భిన్నముగా నడచి, ఓడిన శత్రువును నిర్మూలింపబూనక, అతనితో మొదట వ్యాపారమును, పిదప స్నేహమును, తుదకు సైనిక సహకారమును నెరపి, ఎనుబదియేండ్లు తిరుగకమునుపే అతనినే తన రక్షణకు ఊతగా చేసికొనిన దేశమొకటి కలదు. మండపేటలో పుట్టి పెరిగిన నేను బ్రతుకుతెరువునకై వచ్చి స్థిరపడిన ఆస్ట్రేలియాయే ఆ దేశము. ఆ శత్రువు జపాను.

ఈ కథ గోదావరి మండలమువారికి బొత్తిగా పరాయిది కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన కాకినాడ మీదను, విశాఖపట్నము మీదను బాంబులు విడిచిన విమానములు ‘ర్యూజో’ అను జపాను విమానవాహక నౌకనుండి లేచి వచ్చినవి. అంతకు నెలన్నర ముందు, ఫిబ్రవరి 19న, అదే నౌకాబలమునకు చెందిన మఱి నాలుగు వాహకనౌకల విమానములు ఆస్ట్రేలియా ఉత్తరతీరమందలి డార్విన్ రేవును ధ్వంసము చేసెను. నాడు కనీసము 235 మంది మరణించిరి. దానికి నాలుగు దినముల ముందే సింగపూరు పతనమై, వేలకొలది ఆస్ట్రేలియా సైనికులు బందీలైరి. యుద్ధము ముగియునప్పటికి జపానుకు చిక్కిన ఆస్ట్రేలియనులు ఇంచుమించు 22 వేలమంది. వారిలో ఎనిమిదివేలమంది తిరిగి రాలేదు. వీరిలో పెక్కురను బలిగొన్న బర్మా–థాయిలాండు రైలుమార్గమే, మలయా రబ్బరు తోటలనుండి తోలుకొనిపోబడిన తమిళ, తెలుగు కూలీలకును శ్మశానమైనది. 1942 మే 31 రాత్రి జపాను చిఱుజలాంతర్గాములు నేను నివసించు సిడ్నీ రేవులోనికే చొరబడి, ‘కుట్టబుల్’ అను నౌకను ముంచి, 21 మంది నావికుల ప్రాణములు తీసినవి.

ఈ వైరము యుద్ధముతో పుట్టినది కాదు. తెల్లవారు గానివారిని దేశములోనికి రానీయకుండుటకై 1901లో చట్టము చేసికొనిన ఆస్ట్రేలియా, 1919లో పారిస్ శాంతిసభయందు జాతుల సమానత్వమును అంగీకరింపుడని జపాను కోరినప్పుడు, ప్రధాని బిల్లీ హ్యూస్ నోట దానిని గట్టిగా ప్రతిఘటించెను. 1938లో పోర్ట్ కెంబ్లా రేవుకూలీలు, చైనాపై దండెత్తిన జపానుకు ఇనుము పంపినచో అది బాంబులై మరలివచ్చునని శంకించి, ఓడకెత్తుటకు నిరాకరించిరి. వారిని లొంగదీసికొనజూచిన మంత్రి మెంజీస్‌కు ‘పిగ్ ఐరన్ బాబ్’ అను ఎగతాళిపేరు జీవితాంతము నిలిచిపోయెను.

ఇట్టి ద్వేషమునకు తొలి విరుగుడు రాజనీతిజ్ఞుల వలన గాక, చనిపోయినవారియెడ చూపిన మర్యాద వలన లభించినది. సిడ్నీ రేవున మడిసిన నలుగురు జపాను నావికులకు, ప్రజలు గొణగుచున్నను లెక్కింపక, రేవు నౌకాధిపతి మ్యూర్‌హెడ్-గూల్డ్ సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిపించెను. వారి అస్థికలు యుద్ధము నడుచుచుండగనే స్వదేశమునకు చేరినవి. 1944 ఆగస్టు 5న కౌరా పట్టణపు బందీఖానానుండి వెయ్యిమందికి పైబడిన జపాను ఖైదీలు కంచెలమీద పడి తప్పించుకొనజూడగా, రెండువందలమందికి పైగా జపానీయులును, నలుగురు ఆస్ట్రేలియా సైనికులును నిహతులైరి. యుద్ధానంతరము ఆ జపానీయుల సమాధులకు కలుపుతీసి శుభ్రము చేసినవారు, వారితోనే పోరాడి వచ్చిన ఆ యూరి మాజీ సైనికులు. 1964లో అచ్చట జపాను యుద్ధశ్మశానము వెలసెను; 1979లో దానికి తోడుగా జపాను ఉద్యానము తెఱువబడినది.

వ్యాపారము తరువాత వచ్చినది. జపాను మరల తలయెత్తునేమోయను భయముచేతనే 1951లో అమెరికాతో ఆన్‌జస్ అను రక్షణ ఒడంబడిక చేసికొనిన ఆస్ట్రేలియా, ఆఱేండ్లు గడచునప్పటికి, మాజీ సైనికులలో పలువురు ఆగ్రహించుచున్నను, అదే జపానుతో వాణిజ్యసంధికి చేవ్రాలు చేసెను. ప్రధానిగా దానిని నడిపినవాడు ఆ మెంజీసే. యుద్ధకాలమున తోజో మంత్రివర్గములో నుండిన కిషి, జపాను ప్రధానియై అదే యేడు కాన్‌బెరాకు వచ్చి, జరిగినదానికి విచారము ప్రకటించెను. పిల్బారా కొండల ఇనుపరాయి జపాను కొలుములకు చేరసాగినది. 1960వ దశకము ముగియకముందే ఆస్ట్రేలియా సరకు కొనువారిలో బ్రిటనును త్రోసిరాజని జపాను ప్రథమస్థానము నందెను. 1973 నాటికి వర్ణవివక్షతో కూడిన వలసవిధానమును రద్దయినది. ఆ తలుపు తెఱువబడనిచో మాబోటి తెలుగువారికి ఈ దేశమున చోటే లేకపోవును.

సైనికబంధము చైనా బలము పెరిగిన కాలపు సంతానము. 2007లో ఇరుదేశముల ప్రధానులు హోవార్డు, షింజో అబే భద్రతాసహకార ప్రకటన చేసిరి. కిషికి దౌహిత్రుడైన ఈ అబేయే, 2014లో ఆస్ట్రేలియా పార్లమెంటున నిలిచి యుద్ధమృతులకు సంతాపము తెలిపి, 2018లో డార్విన్ స్మారకస్తంభముకడ పుష్పగుచ్ఛము నుంచెను. 2020లో చైనా ఆస్ట్రేలియా బార్లీ, ద్రాక్షసారా, బొగ్గులపై ఆంక్షలు విధింపగా, 2022లో సాలమన్ దీవులతో భద్రతాసంధి చేసికొనగా, ఈ చెలిమి త్వరపడినది. ఒకరి సేనలు మఱొకరి గడ్డపై శిక్షణ పొందుటకు వీలిచ్చు ఒడంబడిక 2022 జనవరిలో కుదిరి, మరుసటియేట అమలునకు వచ్చెను. 2025 ఆగస్టు 5న, అనగా కౌరా ఘటన జరిగిన తేదీనాడే, మిత్సుబిషి వారి మొగామి తరగతి యుద్ధనౌకలను తన నౌకాబలమునకై ఎన్నుకొనినట్లు ఆస్ట్రేలియా ప్రకటించెను. పదునొకండింటిలో మొదటి మూడును జపానులోనే తయారగును. ఒకరిపై దాడి జరిగిన రెండవవారు యుద్ధమునకు దిగితీరవలెనను నిబంధన వీరి నడుమ లేదు; ఇద్దరికిని అమెరికాయే పెద్దదిక్కు. ఐనను ఆయుధములను, రహస్యములను పంచుకొను నమ్మకము వారిలో కుదిరినదనుట నిజము.

శత్రువునకు శత్రువు మిత్రుడను కౌటిల్యుని మండలనీతియే ఇదియని తేల్చివేయుట సులభము. కాని కేవల భయముచేత కూడిన కూటమి యెట్టిదో మన చరిత్రయే చెప్పుచున్నది. అంతకుముందు తమలో తాము పోరాడుకొనుచుండిన దక్కను సుల్తానులు, విజయనగరపు ప్రాబల్యమునకు జడిసి, 1565లో రాక్షసి–తంగడి యుద్ధమున ఏకమైరి. రామరాయల యాశ్రయమున ఏడేండ్లు గడపి, పిదప తెలుగు కవులచేత మల్కిభరాముడని కొనియాడబడిన ఇబ్రహీం కుతుబ్‌షాయు వారిలో నుండెను. భయహేతువు తొలగినంతనే ఆ స్నేహము చెదరి, పాత కలహములు మరల మొదలైనవి. కేవల వ్యాపారము వలన కూడిన చెలిమియు అంతే. నేడు ఆస్ట్రేలియా ఇనుపరాతిలో అత్యధికభాగమును కొనునది చైనాయే. ఐనను ఆ రాకపోకల వలన విశ్వాసము పుట్టలేదు సరిగదా, రేవుకూలీల నాటి శంకయే మఱొక దిక్కునకు మరలినది. జపానుతో కుదిరినది వేఱు: భయమునకు ముందు బేరము, బేరమునకు ముందు మృతులయెడ గౌరవము నడచినవి. కావుననే పైకట్టడము నిలిచినది.

2020 నవంబరులోను, 2024 అక్టోబరులోను మలబారు విన్యాసములకై జపాను, ఆస్ట్రేలియా, అమెరికా నౌకలు మన నౌకలతో గూడి విశాఖతీరమునకు వచ్చినవి. ఒకప్పుడు బాంబులు పడిన తీరమున జపాను పతాకము నేడు అతిథియై రెపరెపలాడుట మనకు సంతోషమే. ఐనను మన పాలకులు కొత్త మైత్రులను ప్రకటించినప్పుడెల్ల, పాఠకులారా, నౌకలెన్ని, తుపాకులెన్ని యని మాత్రమే లెక్కింపకుడు. ఆ మైత్రికి క్రింద ఇతర పునాది యేదియైన కలదా, లేక ఉమ్మడి భయమొక్కటియేనా యని అడుగుడు. భయమొక్కటియే యైనచో, అది తీరిన మరునాడు ఆ మైత్రియు తీరును.