బరువు తగ్గించే శస్త్రచికిత్స: నిర్ణయం వెనుక ఉన్న చరిత్ర

స్థూలకాయానికి కత్తితో వైద్యమా అని ముక్కున వేలేసుకునే రోజులు పోయినవి. మన సభ్యుల ఇళ్ళలోనే కొడుకో, కోడలో, ఒక్కొక్కచోట స్వయంగా మన మిత్రులో ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నారు. చేయించుకొనేది ఎవరైనా సలహా మాత్రం ఇంట్లో పెద్దలను అడుగుతారు. కనుక ఈ వైద్యం ఎట్లా పుట్టి, ఏ దెబ్బలు తిని, ఈ రూపానికి వచ్చిందో మనకు కొంత తెలిసి ఉండటం అవసరం.

లావు మనిషికి వైద్యం చేయటం కష్టమన్న మాట మనకు కొత్త కాదు. చరకుడు నిందితములైన ఎనిమిది విధాల శరీరాలను చెప్పి, వాటిలో అతిస్థూలుని, అతికృశుని విడిగా వివరించాడు. ఇద్దరిలోనూ బక్కవాడే నయమనీ, స్థూలునికి చికిత్స మరింత కష్టమనీ ఆయన అభిప్రాయం. అయితే ఆయన చెప్పినది ఆహార విహారాలతో వైద్యమే గాని శస్త్రం కాదు.

శస్త్రచికిత్స కథ 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైంది. క్రెమెన్, లిన్నర్ మొదలైన వైద్యులు చిన్నప్రేగులో చాలా భాగాన్ని దారి తప్పించి, తిన్నది ఒంటికి పట్టకుండా చేయవచ్చునని చూపించారు. ఇరవై అడుగుల ప్రేగులో అడుగున్నర మాత్రమే పనిలో ఉంచే పద్ధతి తరువాత ప్రచారంలోకి వచ్చింది. బరువు తగ్గిన మాట నిజమే. దానితోపాటు ఆగని విరేచనాలు, మూత్రపిండాలలో రాళ్ళు, విటమిన్ల లోపం, కొందరికి కాలేయం చెడిపోవటం కూడా వచ్చినవి.

లాస్ ఏంజెలెస్‌లో పేన్ అనే సర్జన్ 1963లో ప్రకటించిన అనుభవం ఇక్కడ ముఖ్యం. ఆయన ప్రేగును ఇంకా తీవ్రంగా మళ్ళించి, బరువు తగ్గిన తరువాత తిరిగి యథాస్థానంలో కలిపివేయవచ్చునని అనుకున్నాడు. అంటే ఇల్లు బాగుచేసేటప్పుడు పరంజా కట్టి, పని అయ్యాక విప్పేసినట్లు. ప్రేగును తిరిగి కలపగానే పోయిన బరువంతా తిరిగి వచ్చింది! ఈ వైద్యానికి గడువు లేదు, చేస్తే జీవితాంతం అన్న సంగతి అప్పుడు తెలిసింది. ఈనాడు ఆపరేషన్‌కు ముందు నెలల తరబడి జరిగే పరీక్షలకు, ప్రశ్నలకు మూలం ఇదేనని నా అభిప్రాయం.

అయోవా విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ మేసన్ మరొక దారి చూశాడు. పుండు కారణంగా జీర్ణకోశంలో కొంత తీసివేసిన రోగులు తిరిగి లావెక్కటం లేదని గమనించి, 1966లో జీర్ణకోశాన్ని చిన్నదిగా చేసి ప్రేగుకు కలిపే బైపాస్ ప్రారంభించాడు. ఆయన గొప్పతనం కత్తిలోకన్న లెక్కలు వ్రాసి పెట్టటంలోనే ఉన్నది. రోగులను ఏళ్ళ తరబడి గమనించటానికి 1986లో ఒక రిజిస్టరు తెరిపించాడు. రికార్డుల విలువ మనవంటి ఉద్యోగులకు వేరే చెప్పాలా? ఆయన 2020లో నూరేళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఎవరికి చేయవచ్చునన్న నియమం 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ జరిపిన సమావేశంలో ఏర్పడింది. బరువును కిలోలలో తీసుకొని, ఎత్తు మీటర్ల వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య బి.ఎం.ఐ. అది 40 దాటితే, లేదా 35 దాటి మధుమేహం వంటి జబ్బు ఉంటే ఆలోచించవచ్చునన్నారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 40 అంటే సుమారు 109 కిలోలు. సర్జన్ ఒక్కడే నిర్ణయించరాదని, ఆహార నిపుణులు, మానసిక వైద్యులు కూడా చూడాలని, రోగికి అన్నీ తెలిసి ఉండాలని కూడా చెప్పారు. చిన్న రంధ్రాల ద్వారా చేసిన బైపాస్ ఫలితాలను 1994లో ప్రకటించారు. 1995లో వాల్టర్ పోరీస్ తన మధుమేహ రోగులు 146 మందిలో 121 మందికి చక్కెర మామూలు స్థితికి వచ్చినట్లు ప్రకటించాడు. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఆసియావాసులకు హద్దును 27.5కు దించినవి. పైన చెప్పిన ఎత్తువారికి అది 75 కిలోలే. అలాగని 75 కిలోలవారందరూ ఆసుపత్రికి పరుగెత్తాలని కాదు, డాక్టరుతో మాట్లాడవచ్చునని మాత్రమే.

ఇక సన్నాహం. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు అన్నం బాగా తగ్గించి, తక్కువ కెలోరీల ఆహారం పెడతారు. ఇది ఓర్పుకు పరీక్ష అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కాలేయం. కొవ్వుతో ఉబ్బిన కాలేయం జీర్ణకోశం మీద పరచుకొని సర్జన్‌కు అడ్డు వస్తుంది, ఈ పథ్యంతో అది కుంచించుకుపోతుంది. మధుమేహం ఉన్నవారు ఆ రోజుల్లో మందుల మోతాదు డాక్టరు చేత తగ్గించుకోకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పొగాకు మానాలి. గురక ఎక్కువగా ఉన్నవారికి నిద్ర పరీక్ష చేస్తారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నవారు మత్తుమందు డాక్టరుకు తప్పక చెప్పాలి, వాటివలన జీర్ణకోశం ఆలస్యంగా ఖాళీ అవుతుంది. మెల్లగా నమిలి తినటం, భోజనం మధ్య నీళ్ళు త్రాగకపోవటం ముందునుంచే అలవాటు చేసుకోవాలి. మన వయసువారి విషయంలో పుట్టిన తేదీకంటె ఒంట్లో సత్తువ ఎంత ఉన్నదన్నదే ముఖ్యంగా చూస్తారు.

చివరగా డబ్బు సంగతి. మన బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంచుమించు ఆ 1991 నాటి కొలతనే పట్టుకొన్నవి: 40, లేదా 35తో పాటు గుండెజబ్బు, అదుపులో లేని మధుమేహం వంటి తీవ్రమైన వ్యాధి. అంటే 30 ఉన్నవారికి డాక్టరు ఆపరేషన్ మంచిదని చెప్పినా బీమా వర్తించకపోవచ్చు. మామూలు పద్ధతులు ప్రయత్నించి ఫలించలేదన్నది కూడా షరతే గనుక పాత చీటీలు, బరువు నమోదులు పారవేయరాదు. కంపెనీవారి అనుమతి ముందుగా వ్రాతపూర్వకంగా తీసుకొనటం మేలు. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు, ఏటేటా రక్తపరీక్షలు ఆసుపత్రి బిల్లులో కనిపించవు. అవి నెలనెలా పింఛనులోంచి పోయే ఖర్చు, బ్రతికినంతకాలం.