పటం నుంచి చెవికమ్మ దాకా

పిట్లంలో ఉండి బొమ్మలు వేసి, మట్టి నగలు చేసి అమ్ముకుంటున్నానంటే ఇదేదో కొత్త రకం బతుకుతెరువు అనుకుంటారు చాలామంది. బొమ్మలు వెయ్యడం గానీ నగలు చెయ్యడం గానీ ఈ నేలకు కొత్త కాదు. కొత్తదల్లా ఒక్కటే, ముక్కూ మొహం తెలియని మనిషికి అమ్మడం. మా తాతల కాలం దాకా తెలంగాణ పల్లెల్లో బొమ్మలు వేసేవాళ్ళకైనా, నగలు చేసే ఔసలికైనా ఎవరి కోసం చేస్తున్నారో ముందే తెలుసు. ఆ తెలిసిన మనుషులు ఎట్లా తప్పుకున్నారో, వాళ్ళ స్థానంలోకి ఎవరు వచ్చారో చెప్తే నా పని చరిత్ర చెప్పినట్టే.

నా గీత చేర్యాల నుంచి వచ్చింది. ఆ ఊరు మాకు దగ్గర కాదు, సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీలనే చిత్రకారులు బొమ్మలు వేసింది గోడకు తగిలించుకునేవాళ్ళ కోసం కాదు, పటం చూపి కథ చెప్పి బతికేవాళ్ళ కోసం. కాకిపడగల వాళ్ళు ముదిరాజులకు పాండవుల కథ చెప్తారు. కూనపులి వాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడజెట్టి వాళ్ళు గౌడులకు గౌడ పురాణం, డక్కలి వాళ్ళు మాదిగలకు జాంబ పురాణం, పటం వాళ్ళు చాకలివాళ్ళకు మడేలు పురాణం చెప్తారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వాళ్ళకు మాత్రం పటం ఉండదు, కట్టెబొమ్మలు ఉంటాయి. అవి చేసిచ్చేదీ నకాషీలే. తేలికైన పొనికి కర్రతో బొమ్మ చెక్కి, దానిమీద రంపపు పొట్టూ చింతగింజల అంబలీ కలిపిన ముద్ద అద్ది, ముక్కూ చెవులూ నగలూ దాంతోనే తీర్చేవాళ్ళు.

పటం అంటే ఇప్పుడు బొమ్మల కొట్లో కనిపించే చిన్న చట్రం కాదు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు, కొన్నయితే అరవై అడుగుల దాకా. ఖద్దరు గుడ్డకు గంజి పెట్టి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపిన పూత పూసి ఆరబెడతారు. ఒక పూత ఆరాక ఇంకొకటి, దాని తర్వాత మూడోది. అప్పుడు గుడ్డ గుడ్డలా ఉండదు, చుట్టినా పగలని ఒక తోలు అవుతుంది. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో గీత. ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి, తెలుపుకు శంఖం పొడి, పసుపుకు పేవుడి రాయి. వెనక నేలంతా ఎరుపే. రాత్రి దివిటీ వెలుగులో, దూరంగా కూర్చున్న మనిషికి కూడా బొమ్మ తేటగా కనపడాలంటే అంత ఎరుపు ఉండాల్సిందేనని నేను నమ్ముతాను. పగటి వెలుతురులో కాగితం మీద చూసి, రంగు ఎక్కువైందని పెదవి విరిచేవాళ్ళకు నేను ఈ మాటే చెప్తాను.

పటం అడిగింది కథకుడు, చూసేది ఆయన మిరాశీ ఊళ్ళలోని కులపోళ్ళు. ఏ కుటుంబానికి ఏ ఊళ్ళలో కథ చెప్పే హక్కు ఉందో తరతరాలుగా పంపకం అయిపోయి ఉండేది. కాబట్టి నకాషీ గీసే ప్రతి ముఖాన్ని గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచే మనిషి ఒకరు ఉన్నారు. వరస తప్పితే కథ ఆగిపోతుంది. పటం పాతబడి చిరుగు పట్టినా చెత్తలో పారెయ్యరు, శాస్త్రం జరిపించి నదిలో విడిచి కొత్తది వేయించుకుంటారు. అందుకే బాగా పాత పటాలు మ్యూజియాల్లో తక్కువ. హైదరాబాద్‌లో జగదీశ్ మిత్తల్ వంటి సేకర్త పట్టుబట్టి కొన్నింటిని దాచకపోతే ఆ పాత గీత ఎట్లా ఉండేదో మా తరానికి తెలిసేది కాదు. ఆయనా, ఆయన భార్య కమలా 1976లో పెట్టిన మ్యూజియానికి మాలాంటివాళ్ళు ఎంతో రుణపడి ఉన్నాం.

ఆ పటాల్లో నేను మొదట చూసేది ఆడవాళ్ళ మెడలూ చెవులూ. దేవత అయినా, బట్టలుతికే మనిషి అయినా వంటి మీద నగ లేకుండా ఉండదు. పసుపు చుక్కలతో గుండ్ల పేరు, తెల్ల చుక్కలతో ముక్కు పుడక, రెండు గీతలతో కడియం. నగ చెయ్యడం నేను సగం అక్కడే నేర్చుకున్నాను.

మిగతా సగం మా అమ్మమ్మ పెట్టెలోంచి వచ్చింది. ఆమె చెప్పేది, ఔసలి ఇంట్లో తయారుగా పెట్టిన నగ ఉండేది కాదని. వెండి అయినా బంగారమైనా మనమే పట్టుకుపోవాలి. కుంపటి ముందు కూర్చోవాలి, కరిగేదాకా లేవొద్దు. ఆయనకు దక్కేది కూలీ, తరుగూ. కంటె, పట్టెడ, నాను, దండకడియం, గెంటీలు, బావిలీలు అని ఆమె పేర్లు చెప్తుంటే ఒక్కో నగ వెనక ఒక్కో పెళ్ళి బయటికి వచ్చేది. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయలకు, అవే చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయలు, కొండీలు వేయించి దండ గుచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. 1950 తర్వాత కూడా ఆ నాణెం భారత రూపాయి పక్కనే కొన్నేళ్ళు నడిచి, 1959 నాటికి చెలామణి లోంచి పోయింది. బజారులో చెల్లని రూపాయి మెడలో చెల్లింది.

మా దిక్కు ఊళ్ళ చేతికి డబ్బు వచ్చిన కథ మంజీర నది మీద నడుస్తుంది. 1923లో మొదలుపెట్టి 1931కి నిజాంసాగర్ కట్టారు. కాలువ పారిన బాన్సువాడ, బోధన్ దిక్కున వరి, చెరుకు పెరిగాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. పంట చేతికొచ్చిన ఏడు ఔసలికి చేతినిండా పని. ఇంకో దిక్కు చూస్తే బీదర్ మాకు పొరుగే. 1956 దాకా మాతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. జస్తు, రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, కోట మట్టితో నల్లబరిచే బిద్రీ పని అక్కడిది. ఆ పని చేసే షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు బిద్రీలో గాజులూ లాకెట్లూ కూడా చేస్తున్నారు. హుక్కా కుదుళ్ళు కొనే నవాబులు పోయాక ఆ పనివాళ్ళకు అదే దారి దొరికింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది తండాల కథ. పిట్లం చుట్టూ లంబాడీ తండాలు ఉన్నాయి. గవ్వలు, అద్దాలు, నాణేలు పెట్టి రవికెలూ, పేట్యాలనే లంగాలూ కుట్టుకునే ఆడవాళ్ళు ఎవరికీ అమ్మడానికి కుట్టలేదు, తమకూ తమ బిడ్డలకూ కుట్టుకున్నారు. చేతుల నిండా బలియలనే తెల్లటి గాజులు, కాళ్ళకు బరువైన వెండి. ఒకప్పుడు దంతంతో చేసిన గాజులు వేసుకునేవాళ్ళు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం ఆగింది. ఆ చట్టం రావాల్సిందే. అయితే ఎముక, తర్వాత ప్లాస్టిక్ ఆ చోటికి వచ్చాయి. కరువులకూ పెళ్ళి ఖర్చులకూ వెండి మార్వాడీ తూకంలోకి పోయింది. పనితనానికి పైసా కట్టలేదు, బరువుకే కట్టారు. ఆ తూకం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

పటం గతీ అంతే. అచ్చు దేవుడి బొమ్మలు ఇళ్ళలోకి వచ్చాయి, సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. రాత్రిళ్ళు కూర్చుని కులపురాణం వినేవాళ్ళు తగ్గితే కథకుడికి పటం ఎందుకు? 1970ల నాటికి చేర్యాలలో ఈ పని పట్టుకున్నవి కొన్ని కుటుంబాలే. ఊరు కాని ఊరి నుంచి, గోడ కోసం కొనేవాళ్ళు వచ్చాక పటం చిన్నదైంది. నలభై అడుగుల కథలోంచి ఒక్క గడి తెంపి చట్రంలో పెట్టారు. కొబ్బరి చిప్ప మీద ముఖం వేసి మాస్కులు చేశారు. దీన్ని దిగజారడం అనే పెద్దలు ఉన్నారు. నాకట్లా అనిపించదు. ఆ చిన్న గడి లేకపోతే చెయ్యి మరిచిపోయేది, చెయ్యి మరిస్తే పెద్ద పటం ఎవరు వేస్తారు? పోయింది గడి కాదు, గడికీ గడికీ మధ్య ఉన్న కథ.

ఆ గీతను సంతకంతో గ్యాలరీ గోడ ఎక్కించినవాళ్ళు వేరే. సిద్దిపేట కాపు రాజయ్య నకాషీ గీతను దగ్గరనుంచి చూసి బోనాలనూ పల్లె పనులనూ ఆ రంగుల్లో వేశారు. బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివి వచ్చి, తెలంగాణ ఆడవాళ్ళను పెద్ద బొట్టుతో, ముక్కుపుడకతో, నిండు రంగు చీరతో నిలబెట్టారు. ఆయన బొమ్మలో నగ అలంకారం కాదు, ఆ మనిషి ఎవరో చెప్పే గుర్తు. వాళ్ళిద్దరి తర్వాతనే ఊళ్ళో కూర్చుని గీసేవాళ్ళు తమ పేరు కింద రాసుకోవడానికి ధైర్యం చేశారని నాకనిపిస్తుంది.

నేను చేసేది వీటన్నిటి చివర ఉంది. చెరువు మట్టిని నానబెట్టి, పలుచటి గుడ్డలో వడగట్టి, నీడలో ఆరబెట్టి, ఊకలో కాలుస్తాను. ఎండలో ఆరబెడితే పగుళ్ళు వస్తాయి. కాలిన మట్టి మీద ముందు సుద్ద పూత, తర్వాత ఎరుపు, దానిమీద ముఖం. కన్ను చివర పెడతాను. రూపాయి బిళ్ళంత చోటులో పద్మశాలి మగ్గం, గౌడుల తాటిచెట్టు పట్టించాలి. 161 జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది కాబట్టి పార్సెల్ పంపడం ఇబ్బంది కాదు. మాదాపూర్ శిల్పారామంలో "అక్కా, మట్టికి ఇంత ధరా?" అని అడిగినప్పుడు తూకం మాట మళ్ళీ గుర్తొస్తుంది. అప్పుడు బొమ్మలో ఉన్నది ఎవరి కథో, దాన్ని ఎవరు చెప్పేవాళ్ళో చెప్తాను. విన్నవాళ్ళందరూ కొనరు. కొన్నవాళ్ళకు మాత్రం ఆ కథకుల పేరు చీటీ మీద రాసి డబ్బాలో పెడతాను. 2024లో హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంతోషించాను. అట్లాంటి గుర్తింపు ఊరికి దక్కుతుంది, చేసిన చేతి పేరు మాత్రం చేసినవాళ్ళే రాసుకోవాలి.

ఈమధ్య దగ్గరి తండా నుంచి కాలేజీలో చదివే పిల్ల ఒకతె వచ్చింది. వాళ్ళ నాయనమ్మ కాలి వెండి ఎప్పుడో అమ్మేశారు. ఆ నగ తొడుక్కుని నిలబడ్డ పాత ఫొటో ఒకటి మిగిలింది. అదే తీరు చెవులకు కావాలని అడిగింది. ఫొటోలో నగ వెనక భాగం కనపడదు. అందుకని తండాలో ఇంకా ఆ వెండి దాచుకున్న ముసలావిడ ఇంటికి ఇద్దరం పోయి, కొక్కెం ఎట్లా తిరిగిందో, పూసలు ఎటు వాలాయో కాగితం మీద గీసుకుని వచ్చాం. మట్టి నానుతోంది. ఆ పిల్లకు జత తయారయ్యాక ఇంకో జత ఆ ముసలావిడకు ఇయ్యాలి, ఆమె కూడా అడిగింది.