సిలువ దగ్గర దించే బరువు: నడి హైదరాబాదు కతోలికుల ఈస్టర్ ఆచారాల చరిత్ర

కతోలిక విశ్వాసంలో మనిషి తన బరువును దేవుని చేతుల్లో పెట్టడానికి ఏడాది పొడుగునా వీలుంది. అయినా తిరుసభ అందుకోసం ప్రత్యేకంగా తీర్చిదిద్దిన రోజులు ఈస్టర్ చుట్టూ ఉన్నాయి: పవిత్ర గురువారం సాయంత్రం మొదలయ్యే మూడు రోజులు, పునరుత్థాన ఆదివారం తర్వాత వచ్చే వారం. ఈ అప్పగింత మనసులో అనుకుని ఊరుకుంటే సరిపోదు. మోకరించి, గురువు ఎదుట నోరు విప్పి, సిలువను ముద్దాడి చేసేది అది. రెండు వేల ఏళ్లలో అందులో ఒక పెద్ద మార్పు వచ్చింది. తొలి శతాబ్దాల్లో ఈస్టర్‌కు దించుకునే బరువంటే ప్రధానంగా పాపమే. ఈనాడు అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉద్యోగం కోసం కోచింగ్ తీసుకునే కుర్రవాడి దిగులు, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో భర్త మంచం పక్కన కూర్చున్న భార్య బెంగ, తీరని అప్పు, కుదరని పెళ్లి, అన్నీ ఆ సిలువ దగ్గరికే చేరుతున్నాయి.

బరువు దేవునిపై వేయమన్న మాట కొత్తది కాదు. యూదుల కీర్తనల్లో ఉంది, పేతురు మొదటి లేఖలో ఉంది. అలసినవారిని తన దగ్గరికి రమ్మన్న యేసు పిలుపు మత్తయి సువార్తలో ఉంది. దానికి పండుగ రూపం ఇచ్చినవారు మాత్రం తొలి క్రైస్తవులు. ఈస్టర్‌కు ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణలో జ్ఞానస్నానం పొందినవారు పాత బతుకును నీళ్లలో వదిలి లేచినట్టు భావించేవారు. 387లో మిలాన్ నగరంలో బిషప్ అంబ్రోసు చేతుల మీదుగా అగస్టీను జ్ఞానస్నానం పొందింది అలాంటి రాత్రే. అదే శతాబ్దపు చివరి భాగంలో యెరూషలేము యాత్రకు వెళ్లిన ఎగేరియా అనే స్త్రీ, పవిత్ర శుక్రవారం జనం వరుసగా వచ్చి సిలువ కొయ్యను నుదుటితో తాకి ముద్దుపెట్టుకోవడం చూసి రాసింది. ఎవరో ఒకసారి ఆ కొయ్యను కొరికి ముక్క పట్టుకుపోయారట, అప్పటినుంచి పరిచారకులు చుట్టూ కాపలా నిలబడేవారు. సిలువను చేత్తో తాకితేనే తృప్తిపడే భక్తి అంత పాతది.

ఘోరపాపాలు చేసినవారు ఆ రోజుల్లో అందరి ముందు ప్రాయశ్చిత్తం చేసేవారు. రోములో పవిత్ర గురువారం వారిని తిరిగి సంఘంలో చేర్చుకునేవారు. తర్వాత ఐర్లండు సన్యాసుల ద్వారా గురువు చెవిలో ఏకాంతంగా చెప్పుకునే పద్ధతి వ్యాపించింది. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని, పాస్కా కాలంలో దివ్యసత్ప్రసాదం స్వీకరించాలని 1215లో నాలుగో లాటరన్ మహాసభ విధించింది. అలా బరువు దించుకోవడం ప్రతి విశ్వాసికీ ఈస్టర్ బాధ్యత అయింది.

పాపంతోపాటు కష్టాన్ని కూడా సిలువ దగ్గరికి తెచ్చింది ఎక్కువగా సిలువ మార్గం. పుణ్యభూమి స్థలాల సంరక్షణ 1342లో ఫ్రాన్సిస్కన్లకు దక్కింది. యెరూషలేము వెళ్లలేనివారి కోసం సిలువ మార్గాన్ని ఐరోపా గుడుల్లో వ్యాపింపజేసింది ముఖ్యంగా వాళ్లే. 1731లో పన్నెండో క్లెమెంటు పోపు స్థలాల సంఖ్యను పద్నాలుగుగా స్థిరపరిచాడు. ఈ ప్రార్థన మనిషికి ఎందుకంత దగ్గరైందో ఆ స్థలాలను చూస్తేనే తెలుస్తుంది. యేసు మూడు, ఏడు, తొమ్మిది స్థలాల్లో పడిపోతాడు. నాలుగో స్థలంలో తల్లి ఎదురవుతుంది. ఐదో స్థలంలో దారినపోయే సిరేనీయుడైన సీమోనును పట్టుకుని సిలువ మోయిస్తారు. దేవుని కుమారుడే బరువు మోయలేక పడ్డాడు, ఇంకొకరి భుజం ఆసరా తీసుకున్నాడు. తన బరువు తాను మోయలేకపోతున్నానని ఒప్పుకోవడానికి విశ్వాసికి ఇంతకన్నా ధైర్యమిచ్చే మాట లేదు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్కాలపు శుక్రవారాల్లో హైదరాబాదు గుడుల్లో ఒక్కో స్థలం దగ్గర మోకరించే జనం ఈ కథలో తమ ఇంటి కథనే చూసుకుంటారు.

తెలుగు నేలకు ఈ భక్తి పలు దారుల్లో వచ్చింది. 18వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు వైపు పనిచేశారు. అదే శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనం రాసి క్రీస్తు చరిత్రను తెలుగు కావ్యంగా మలిచాడు. హైదరాబాదు ప్రాంతంలో దారి వేరు. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఐరిష్ సైనికులు, వారి వెంట వచ్చిన తమిళ కుటుంబాలు ఉండేవి. డేనియల్ మర్ఫీ అనే ఐరిష్ గురువు అక్కడ మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ దేవాలయం 1850లో పూర్తయింది. 1851లో హైదరాబాదు ప్రత్యేక వికారియేట్ అయింది. కొద్ది ఏళ్లకే మిలాన్ మిషనరీలు వచ్చారు. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ నిర్మాణం 1870లో ఆరంభమైంది. 1886లో హైదరాబాదు మేత్రాసనంగా, 1953లో అగ్రమేత్రాసనంగా ఎదిగింది.

ఈనాటి విశ్వాసి చూస్తున్న ఈస్టర్‌కు రూపమిచ్చినవి మాత్రం 20వ శతాబ్దపు సంస్కరణలే. అంతకుముందు పాస్కా జాగరణ శనివారం ఉదయమే, పలచగా వచ్చిన జనం మధ్య జరిగిపోయేది. పన్నెండో పయస్ పోపు 1951లో దాన్ని రాత్రికి మార్చాడు, విశ్వాసులు జ్ఞానస్నాన ప్రమాణాలను మళ్లీ పలికే ఆచారాన్ని చేర్చాడు. 1963లో రెండో వాటికన్ మహాసభ దేశభాషలకు తలుపు తెరిచింది. లాటిన్ పూజను దూరంనుంచి విన్న కుటుంబాలు పవిత్ర శుక్రవారపు ఆరాధనలోని మనవులను తెలుగులో, తమ నోటితో పలకసాగాయి. 1970 నాటి పూజగ్రంథంలో ఆ మనవులు పది. చివరిది కష్టాల్లో ఉన్నవారి కోసం: రోగులు, ఆకలిగొన్నవారు, ప్రయాణికులు, చెరలో ఉన్నవారు. మనిషి ఇంటి బరువుకు తిరుసభ అధికారిక ప్రార్థనలో చోటు ఈ మనవిలో ఉంది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కలకు గుంటూరు, కృష్ణా, ఖమ్మం, నల్లగొండ జిల్లాలనుంచి చదువుకి, కొలువుకి వచ్చినవారు తమ ఊరి భక్తిని వెంట తెచ్చుకున్నారు. విజయవాడ గుణదల కొండమీది లూర్దు మాతకు తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి మొక్కు తీర్చుకున్న కుటుంబాలవి. నగరంలో వారికి దగ్గరైన చోట్లలో ఖైరతాబాదు ఆరోగ్యమాత దేవాలయం ఒకటి. వేలాంగణి మాత పేరున్న ఆ గుడికి నిమ్స్ ఆసుపత్రి దూరం కాదు. మొక్కుకి, ఈస్టర్ అప్పగింతకి తేడా ఉంది. మొక్కులో కోరిక తీరాక చెల్లింపు ఉంటుంది. ఈస్టర్‌లో కోరిక తీరకముందే చేతులు వదలాలి. ఊరి మొక్కు, తిరుసభ ఆరాధన ఒకే మనిషిలో కలిసి ఉండటం తెలుగు కతోలికుల బలం. దాన్ని మూఢభక్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఈస్టర్ అప్పగింతకు ఇటీవలి రూపం దైవకారుణ్య భక్తి. పోలండ్ కన్యస్త్రీ ఫౌస్టీనా కొవాల్స్కా 1930లలో తన దర్శనాలను డైరీలో రాసింది. 1959లో రోము ఈ భక్తిపై విధించిన ఆంక్షలు 1978లో తొలగాయి. 2000 ఏప్రిల్ 30న రెండో జాన్ పాల్ పోపు ఆమెను పునీతగా ప్రకటించి, ఈస్టర్ తర్వాతి ఆదివారాన్ని దైవకారుణ్య ఆదివారంగా నిలిపాడు. దీని నవదిన ప్రార్థన పవిత్ర శుక్రవారమే మొదలవుతుంది, రోజుకొక వర్గపు మనుషులను దేవుని కరుణకు అప్పగిస్తూ సాగుతుంది. ఈ భక్తిలోని మరో ప్రార్థన యేసు మరణించిన మధ్యాహ్నం 3 గంటల వేళ జపమాల పూసలపై చెప్పుకునే చిన్నది కాబట్టి ఆఫీసులోనైనా, ఆసుపత్రి వరండాలోనైనా సాగుతుంది. నగర జీవితానికి ఇది బాగా అమరింది.

అప్పగిస్తే బాధ తప్పక తొలగుతుందని తిరుసభ చెప్పదు. రెండో జాన్ పాల్ 1984 ఫిబ్రవరి 11న వెలువరించిన లేఖలో బాధను క్రీస్తు బాధతో కలపడం గురించి బోధించాడు. రోగం ఉండవచ్చు, అప్పు ఉండవచ్చు, కానీ మోసేది ఒంటరిగా కాదు. మందులు మానడానికి, బాధ్యత వదలడానికి ఈ బోధలో సమర్థన లేదు.

2020లో లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్ 10 నాటి పవిత్ర శుక్రవారం, 12 నాటి ఈస్టర్ జనం లేని గుడుల్లో గడిచాయి. మహమ్మారి బాధితుల కోసం శుక్రవారపు మనవుల్లో ప్రత్యేక ప్రార్థన చేర్చాలని వాటికన్ కోరింది. హైదరాబాదు కుటుంబాలు ఫోన్ తెరమీద పూజ చూస్తూ ఇంట్లోనే సిలువను ముద్దాడాయి. గుడిలో సిలువను ముద్దుపెట్టడం, నీళ్లు చల్లించుకోవడం లేని ఈస్టర్ ఎంత వెలితిగా ఉంటుందో ఆ ఏడాది తెలిసింది. తర్వాత గుడులు తెరుచుకున్నాక పాత క్రమమే తిరిగి వచ్చింది: తపస్కాలంలో పాపసంకీర్తనాలు, శుక్రవారం సిలువ మార్గం, శనివారం రాత్రి కొత్త నిప్పుతో వెలిగించే పాస్కా క్రొవ్వొత్తి, వారం తిరిగేసరికి దైవకారుణ్య ఆదివారం.