కాల్క్రీజ యుద్ధభూమియు లోహశోధకయంత్రమును

క్రీ. శ. 9 వ సంవత్సరమున రోమక సేనాని క్వింక్టీలియస్ వారస్ 17, 18, 19 సంఖ్యలుగల మూడు లీజియనులతో ఉత్తర జర్మనీదేశపు టడవులలో చిక్కి నశించెను. అతనిని నమ్మించి యా యిరుకుదారిని బట్టించిన ఆర్మీనియస్, రోముకొలువున సేనలను నడపి యా దేశపు పౌరత్వమును బడసినవాడు. ఈ స్థలమును టాసిటస్ ట్యూటోబర్గు అడవి యనెను. అది యెచ్చటిదో చిరకాలము తెలియలేదు. నేడా పేరు వహించిన కొండల ప్రాచీననామము ఓస్నింగు. టాసిటస్ గ్రంథమును చదివిన పండితులే వానికి క్రొత్తపేరు పెట్టిరి. ఇక నా పేరునే సాక్ష్యముగా జూపుట తన నీడను తాను సాక్షిగా బిలుచుట గాదా? డెట్‌మోల్టు చెంత 1875లో ముగిసిన ఆర్మీనియస్ మహావిగ్రహ మిట్టి యూహమీదనే నిలిచినది.

1885లో మామ్‌సెన్ పండితుడు వేఱుదారి త్రొక్కెను. ఓస్నాబ్రూకు నగరమునకు ఉత్తరమున బారెనౌ ప్రభువుల యింట, పరిసరములందలి పొలములలో దొరకిన రోమకనాణెము లుండెను. వానిలో హెచ్చుభాగము అగస్టసు కాలమునకు దిగువవి కాకుండుట చూచి, యుద్ధ మిచ్చటనే జరిగెనని యాతడు వాదించెను. ఆయుధము లొక్కటియు దొరకలేదని తక్కినవారు త్రోసివేసిరి.

నూఱేండ్లు గడచెను. 1987లో ఓస్నాబ్రూకునందున్న బ్రిటిషుసేనాధికారి టోనీ క్లన్, స్థానిక పురావస్తుశాస్త్రజ్ఞుడు ష్ల్యూటరు సలహా గైకొని, లోహశోధకయంత్రముతో కాల్క్రీజ కొండపాదమున వెదకెను. యంత్రపు తీగచుట్టలోని విద్యుత్ప్రవాహము నేలలోని లోహమున ప్రతిప్రవాహమును బుట్టించును. అది ధ్వనిగా వినబడును. మొదట నూటికి మించిన వెండి దినారములు దొరకెను, పిమ్మట మూడు సీసపు వడిసెలగుండ్లు. క్లన్ గారి గొప్పతనము వెదకుటయందు గాదు, ప్రతివస్తువును దొరకినచోటును గుఱించి శాస్త్రజ్ఞుల కప్పగించుటయందు. ఆ గుండ్లే సేనలున్నవని చెప్పెను; నాణెము లొక వర్తకుని మూటయని యికమీద ననరాదయ్యెను. (ఆ దినారములలో గాయసు, లూషియసుల ప్రతిమలుగల జాతి కలదు. మన దక్షిణాపథమున దొరకు రోమకనాణెములలో మిక్కిలి పరిచితమైనవానిలో నదియు నొకటి!)

పిమ్మటి త్రవ్వకములలో వెండిరేకు కప్పిన యినుప ముఖకవచమును, వారస్ ముద్ర వేసిన రాగినాణెములును, మట్టికట్టయును, మనుష్యుల యస్థులును కంచరగాడిదల యస్థులును గలసిన గుంటలును బయల్పడెను. ఆ యెముకలు పాతిపెట్టబడుటకు ముందు కొన్నియేండ్లు నేలపై బడియున్నవట! ఆఱేండ్లకు జెర్మానికస్ వచ్చి మృతుల కంత్యక్రియ గావించెనన్న టాసిటస్ వ్రాత కిది సరిపోవుచున్నది. ఐనను, ఇది జెర్మానికస్ చేసిన యుద్ధముల చోటనువారు కలరు. నాణెములు రెంటికిని సరిపడునుగదా. అట్టి వివాదమును దీర్చునది వస్తువు కాదు, వస్తువున్న చోటు.

హార్ట్స్‌హార్న్ అడవికొండ సంగతి యింకను విచారింపదగినది. 2000 ప్రాంతమున ననుజ్ఞ లేక యంత్రములతో వెదకిన వారికి, గుఱ్ఱపుగిట్టకు దొడుగు ఇనుపచెప్పొకటి దొరకెను. వారు దాని నధికారులకు 2008 వఱకు జూపలేదు. చూపిన పిమ్మట గదా అది క్రీ. శ. మూడవ శతాబ్దపు రోమక యుద్ధభూమియని తేలినది! అచ్చట వాలున గ్రుచ్చుకొనియున్న యంత్రబాణముల ములుకుల మొగములను బట్టి, రోమకు లే దిక్కునుండి కొట్టిరో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పెఱికి సంచిలో వేసికొన్న ములికి నా ప్రశ్న యడుగుట కవకాశము లేదు.